గ్యాసని చెప్పిన రాయి

పొద్దున్నే అరటి దూట తరిగి, దంచి, పిండి, ఆ రసం గ్లాసు మొగుడు డేవిడ్ చేతికిచ్చాకే రత్నమణి జమ్మలమడుగులో ప్రొద్దుటూరు బస్సెక్కేది. నిరుడు అతనికి మూత్రనాళంలో రాయి పడితే ఇల్లంతా తలకిందులైంది. అత్త ఉపవాస ప్రార్థనలు చేసింది. రత్నమణికి నడుములో పోటొస్తే మాత్రం అదే అత్త, "ఆడదానికి నడుం నొయ్యకుంటే ఎట్లమే?" అనేది.

చీరల అంగడిలో పది గంటలు నిలబడే ఉద్యోగం. ఆడవాళ్లకు బాత్రూం లేదు. బస్టాండు దాకా పోయొస్తే యజమాని మొహం చిట్లిస్తాడు. అందుకే అక్కడ ఎవరూ నీళ్లు తాగరు. కొత్తగా చేరిన పిల్లలకు చీర మడత కంటే ముందు నేర్పేది ఇదే. పదకొండేళ్లుగా రత్నమణే నేర్పుతోంది, ఏదో గొప్ప విద్యలాగా!

ఆరోజు అంగడిలోనే వాంతి చేసుకుని పడిపోయింది. ఆసుపత్రికి చేర్చారు. ఫోనందుకున్న డేవిడ్ ఇంట్లోని కాగితాలన్నీ సంచిలో వేసుకొచ్చాడు.

"ఎడమ కిడ్నీ పాడైపోయిందమ్మా. చాలాకాలంగా రాయి అడ్డం పడింది. ఇంతకుముందు స్కానింగ్ తీయించలేదా?" అన్నాడు డాక్టరు.

"రెండేండ్ల కింద పులివెందులలో తీసినారు సార్. గ్యాసన్నారంట," అంది రత్నమణి.

డేవిడ్ సంచిలోంచి మెల్లగా ఒక కవరు తీశాడు. డాక్టరు చదివి తలెత్తాడు. "ఇందులో రాయి ఉందని రాశారే! అప్పుడే వైద్యం చేయించుంటే కిడ్నీ దక్కేది."

ఆనాడు ఆమెను బయట కూర్చోబెట్టి, కాగితం పట్టుకుని లోపలికెళ్లింది మొగుడే. వచ్చి, "గ్యాసంట, సోడా తాగు" అన్నాడు. తాగింది కూడా, పిచ్చిది!

"నీకు తెల్సా?" అంది.

"చెప్పింటే అంగడి మానేస్తావని... ఇల్లెట్ల జరుగుతాదిమే?"

నిరుడు తన రాయికని ప్రొద్దుటూరు ఆసుపత్రికి పరుగెత్తినప్పుడు కూడా ఈ మనిషికి ఆమె రాయి సంగతి తెలుసు. ఆమె వంటింటి గోడ పట్టుకుని వంగిపోతుంటే, పక్కనే రసం తాగుతూ చూశాడు. తెలిసే చూశాడు!

"కుడి కిడ్నీలోనూ రాయుంది. కిందికి జారకముందే తీసేయాలి. ఇక ఉన్నది అదొక్కటే," అంటూ డాక్టరు అలవాటుగా రిపోర్టు డేవిడ్ వైపు చాపాడు.

రత్నమణి మధ్యలోనే దాన్ని లాక్కుంది.

"ఆయప్పను బయటికి పొమ్మనండి సార్. ఈ కిడ్నీ సంగతి నాకు చెప్పండి."