పాకమ్మ పన్ను

మూడో కళాయి తిరగడం ఆగింది. పాకమ్మ స్టీలు చెంచాతో అంచు నుంచి కాస్త క్రీము తీసి, నాలుక కుడివైపున పెట్టుకుంది. ఎడమవైపు పెట్టుకుని నాలుగు నెలలైంది. నాలుకతో అంగిటికి రుద్ది చూసింది. పంచదార ఇంకా గరగరలాడుతోంది. నోట్లోది మింగి, కళాయి మళ్ళీ తిప్పింది. ఆ గదిలో ఉమ్మడానికి వీల్లేదు. రుచి చూసినదంతా మింగాల్సిందే.

బిస్కట్ల మధ్య పెట్టే క్రీమును ఆ ఫ్యాక్టరీలో అందరూ పాకం అంటారు. పందొమ్మిదేళ్ళుగా దాన్ని కలిపేదీ, రుచి చూసి సరేననేదీ ఆమే కాబట్టి ఆమె పాకమ్మ అయింది. షిఫ్టుకి పన్నెండు కళాయిలు. కళాయికి రెండుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు నోట్లో పెట్టుకోవాలి. గాలిలో తేలే పంచదార పొడి కనురెప్పల మీద, చెవుల మడతల్లో పేరుకుని, చెమటతో కలిసి మెడ మీదికి జిగురుగా కారుతుంది. కొత్తగా చేరినవాళ్ళు మొదటి వారం వేళ్ళు నాక్కుంటారు. రెండో వారానికి ఇంట్లో టీలో కూడా పంచదార వద్దంటారు. పాకమ్మకి తీపి వాసన అంటేనే గిట్టదు. ఆ మాట ఎక్కడా అనలేదు. అంటే ఈ పని ఉండదు.

ఆమె నోట్లో పదకొండు పళ్ళు మిగిలాయి. ముందువి చిగుళ్ళ దాకా అరిగి, గోధుమరంగు మొలకల్లా ఉన్నాయి. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. ఎడమ కింది దవడ చివరి పన్ను పుచ్చి గుల్లయింది. నాలుక తగిలితే దాని మొదట్లోంచి గోరువెచ్చగా, ఉప్పగా ఏదో ఊరుతుంది. అది వెనీలా వాసనతో కలిసి గొంతులోకి దిగుతుంటే ఆమెకి తన నోరంటేనే రోత పుట్టేది. అయినా పని పనే. ఒకసారి నోట్లో పెట్టిన చెంచాని కడగకుండా కళాయిలో ముంచిన రోజు ఆమె జన్మలో లేదు.

ఏటా కంపెనీ డాక్టరు వచ్చి పనివాళ్ళ గోళ్ళు చూస్తాడు, అరచేతులు తిప్పి చూస్తాడు, కనురెప్పలు కిందికి లాగి చూస్తాడు. నోరు తెరవమని ఒక్కసారి కూడా అడగలేదు.

"ఏం పాకమ్మా, ఎలా ఉందీ సరుకు?" సూపర్‌వైజరు గుమ్మంలోంచే కేకేశాడు.

"బాగుందయ్యా."

"నీ నోట్లో పంచదార పొయ్య!"

రోజూ అదే మాట, రోజూ అదే నవ్వు. తెల్లగా, వరసగా ఉన్న పళ్ళు. వైద్యానికి కంపెనీ ఇచ్చిన బీమా కార్డుల్లో ఆయనది నీలం కార్డు. మొన్నీమధ్యే ఆ కార్డు మీద కూతురికి పంటి తీగలు కట్టించాడు. పనివాళ్ళది బూడిదరంగు కార్డు.

పాకమ్మ కూడా చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వినప్పుడు దవడ కింద ఏదో పట్టేసింది. పొద్దున లేచేసరికే గడ్డం కింద గట్టిగా ఉంది.

రెండింటికి షిఫ్టు దిగి ఆఫీసు గదికి వెళ్ళింది. గుమాస్తా కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పన్ను దీంట్లో రాదక్కా. కిందటిసారీ చెప్పాగా."

"పన్ను నా ఒంట్లోదే కదా బాబూ?"

"ఒంట్లోదే. కానీ ఇది ఆసుపత్రిలో మంచం పట్టినవాళ్ళకే. పన్ను మూలంగా జ్వరమొచ్చి నువ్వు పడుకున్నావనుకో, అప్పుడు వస్తుంది."

"అంటే ముదరబెట్టుకుని రమ్మంటావు."

"నేననట్లేదక్కా. కార్డు అంటోంది." పాపం, మొహం చిన్నబుచ్చుకుని కార్డు తిరిగిచ్చాడు.

సర్కారు ఆసుపత్రికి ఆమె వెళ్ళకపోలేదు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా వరసలో నిలబడితే చీటీ మీద రెండు నెలల అవతలి తారీఖు వేసిచ్చారు. ఆ తారీఖున వెళ్తే డాక్టరు సెలవన్నారు.

బస్సు దిగే చోటే పళ్ళ ఆసుపత్రి ఉంది. ఎన్నోసార్లు దాటి వెళ్ళింది గానీ లోపలికి ఎప్పుడూ వెళ్ళలేదు. చల్లటి గది. గోడ నిండా ఒక ఆడమనిషి నోరు, మనిషి లేకుండా నోరు ఒక్కటే, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది. బల్ల దగ్గరి అమ్మాయి కార్డు తీసుకుని చూసింది.

"దీంట్లో పళ్ళు లేవమ్మా."

"నా నోట్లోనూ ఎక్కువ లేవులే తల్లీ."

అమ్మాయికి నవ్వొచ్చింది. నవ్వకూడదనుకుని పెదవి కొరుక్కుంది. లోపలికి పంపింది. డాక్టరు మంచివాడే. అద్దం పుల్లతో దవడ లాగి చూశాడు, గడ్డం కింద నొక్కాడు. ముసుగు వెనక ఆయన ఊపిరి బిగబట్టడం పాకమ్మకి తెలిసింది.

"ఇది ఇవాళే తియ్యాలి. వాపు గొంతులోకి దిగితే ప్రమాదం."

"తీసెయ్యండి బాబూ."

"బయట డబ్బు కడితేగానీ ఈ కుర్చీ నాకు ఇవ్వరమ్మా. ఇది నా సొంత ఆసుపత్రి కాదు." చీము తీసి, పన్ను పీకడానికి వాళ్ళడిగేది ఆమె జీతంలో సగం. ఆయన మాత్రలు రాసిచ్చాడు. "ఊపిరాడకపోతే మాత్రం పెద్దాసుపత్రికి పరిగెత్తండి" అన్నాడు. ఆమె లేచి వస్తుంటే వెనకాల కుళాయి నీళ్ళ చప్పుడు. ఆయన చేతులు కడుక్కుంటున్నాడు. ఆమె వీధిలోకి వచ్చేదాకా కడుక్కుంటూనే ఉన్నాడనిపించింది.

ఇంటికొచ్చి మాత్ర నోట్లో వేసుకుంటే నీళ్ళు లోపలికి పోలేదు. పెదవి చివర నుంచి బయటికొచ్చేశాయి. మంచం మీద ఎడమపక్కకి ఒత్తిగిలి పడుకుంది. బట్టల కొట్లో పనిచేసే కూతురు వచ్చేసరికి తల్లి మెడ, గడ్డం ఒకటైపోయి ఉన్నాయి.

"ఏంటమ్మా ఇది? నోరు తెరువు, చూడనీ."

వేలు దూరేంత కూడా తెరుచుకోలేదు. కూతురు ఫోను లైటు వేసి వంగింది. వంగిన మనిషి చటుక్కున మొహం పక్కకి తిప్పుకుంది. క్షణంలో మళ్ళీ ఇటు తిరిగింది గానీ, తల్లి చూడనే చూసింది.

"కంపా?" మాట ముద్దగా వచ్చింది.

"లేదమ్మా."

"నాతో అబద్ధమెందుకే. నాకే కొడుతుంటే."

కూతురు తన పైట చెంగుతో తల్లి మూతి తుడిచింది. ఈసారి మొహం తిప్పలేదు. ఊపిరి కూడా బిగబట్టలేదు. కళ్ళనీళ్ళు మాత్రం ఆగలేదు.

ఆటోలో పెద్దాసుపత్రికి చేరేసరికి పాకమ్మ ఊపిరి ఈల వేసినట్టు వస్తోంది. కిటికీ దగ్గరి మనిషి బూడిదరంగు కార్డు గీకి, "అడ్మిషనేగా? వస్తుంది, వస్తుంది. ఏం కంగారు లేదు" అన్నాడు. ఆ కార్డు ఒక మాటకి సరేననడం కూతురు మొదటిసారి వింది. మెడ కోశారు, గొట్టం పెట్టారు, చీము తీశారు, పన్నూ పీకారు. అద్దాల గది, మూడు రకాల యంత్రాలు, గంటకో నర్సు.

మూడో రోజు పొద్దున ఎవరూ చూడనప్పుడు ఆమె ఊపిరి ఆగిపోయింది. నర్సు వచ్చి యంత్రం కూత ఆపింది.

శవాన్ని ఇచ్చేముందు కూతురి చేత సంతకం పెట్టించుకున్న కాగితంలో రెండు పేజీల వరసలు. గది, మందులు, గొట్టం, చివరికి శవాన్ని చుట్టిన గుడ్డ. అన్నిటికీ ఎదురుగా 'మంజూరు' అని ఉంది. ఒక్క వరస కొట్టేశారు. పన్ను పీకినందుకు.

"ఇదొక్కటి మీరు కట్టాలమ్మా" అన్నాడు కిటికీ మనిషి. మర్యాదగానే అన్నాడు.

కూతురికి ఏడుపు రాలేదు. డోకొచ్చింది. అక్కడే, ఆ కిటికీ కిందే, తెల్లటి నేల మీద కక్కుకుంది. తుడిచే మనిషిని కేకేశారు.

దినకర్మకి వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక కూతురు తల్లి మంచం సర్దింది. దిండు గలేబు విప్పి, సబ్బు పెట్టి, రాయి మీద మూడుసార్లు ఉతికి తీగ మీద ఆరేసింది. ఎండలో గలేబు ఆరిపోయింది. చెంప ఆనిన చోట అరచేతి వెడల్పున పసుపుపచ్చ మరక, అంచులు గోధుమరంగుకి తిరిగి, అలాగే ఉంది.