రాని చప్పుడు

మైక్రోవేవ్ నడుస్తూనే ఉంది. లోపల దీపం వెలుగుతోంది, పళ్ళెం గుండ్రంగా తిరుగుతోంది, మోత కూడా మామూలుకన్నా కాస్త ఎక్కువే. తీసి చూస్తే మాత్రం గ్లాసులో నీళ్ళు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"వేలు పెట్టి చూడు వదినా. కుళాయి నీళ్ళే ఇంతకన్నా నయం," అన్నాడు మరిది.

"మొన్నటిదాకా గోరువెచ్చగా అయినా అయ్యేవి. ఇవాళ అదీ లేదు."

"నేను చూస్తాలే. ఇంట్లో రిపేరు బల్ల పెట్టుకుని బయటివాణ్ణి పిలవడం ఏమిటి?"

ముందుగదిలోని ఆ బల్ల ఆమె భర్తది. ఆయన పోయాక దానిమీద దుప్పటి కప్పి ఉంచింది. మరిది ఇళ్ళకు వైరింగు చేస్తాడు. కరెంటు పని చేతికి అలవాటే గాని, ఇలాంటి పెట్టెలు విప్పిన చెయ్యి కాదు. అన్న పక్కన అతను చేసిందల్లా పిలిచినప్పుడు వచ్చి లైటు పట్టుకోవడమే. అయినా ఆ దుప్పటి తీసే మనిషి ఒకడు వచ్చాడని ఆమెకు ఎక్కడో కాస్త ఊరటగానే ఉంది.

అతను ప్లగ్ పీకి, దుప్పటి తీసిన బల్ల మీదికి పెట్టెను చేర్చి, ప్లగ్‌ను ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ ఇంట్లో అది పద్ధతి. ప్లగ్ పనిచేసేవాడి ఒళ్ళో ఉంటే, తెలియక ఎవరూ గోడకు గుచ్చరు.

ఆమె వంటింట్లోకి వెళ్ళి ఉల్లిపాయలు తరగసాగింది. మధ్యలో ఒక్క తెర అడ్డం. మరలు ఒక్కొక్కటే గిన్నెలో పడుతున్న శబ్దం వినపడింది. తర్వాత రేకు మూత గీరుకుంటూ ఊడింది. తర్వాత అతని కూనిరాగం.

ఆమె చేతిలో కత్తి ఆగింది. ఏదో తక్కువైంది. అదేమిటో తట్టడానికి కాసేపు పట్టింది.

చప్పుడు రాలేదు.

ఇలాంటి పెట్టె మూత ఊడిన ప్రతిసారీ ఆ గదిలోంచి చెంప ఛెళ్ళుమనిపించినట్టు ఒక చప్పుడు వచ్చేది. "చిన్నా, లైటు పట్టు" అని ఆయన తమ్ముణ్ణి కేకేసేది ఆ తర్వాతే. మొదటిసారి ఆమె ఉలిక్కిపడి అడిగితే, ప్లగ్ పీకినా ఇందులో ఒకడు కదలకుండా కూర్చుంటాడనీ, వాణ్ణి సాగనంపందే చెయ్యి పెట్టకూడదనీ నవ్వుతూ చెప్పాడు. ఆమె కూడా నవ్వేసింది.

తెర తొలగించింది. మరిది ఎడమచెయ్యి పెట్టె అంచు మీద ఉంది. కుడిచెయ్యి మణికట్టు దాకా లోపల ఉంది. వేళ్ళ పక్కనే వెండిరంగు డబ్బా ఒకటి మెరుస్తోంది.

అరవబోయి నోరు మూసుకుంది. అరిస్తే ఉలిక్కిపడతాడు. ఉలిక్కిపడితే ఆ వేళ్ళు ఎటు పోతాయో ఎవరు చెప్పగలరు?

"చిన్నా," అంది, ఉప్పు సరిపోయిందో లేదో చూడమన్నంత మామూలుగా. "ఇలా రా. ఈ సీసా మూత రావడం లేదు."

"ఉండు. ఇక్కడేదో వైరు వదులైనట్టుంది. లాగితే తెలిసిపోతుంది."

"లాగుదువుగాని. ముందు ఇది తీసిపెట్టు."

"అన్నయ్యని కూడా ఇలాగే పని మధ్యలో లేపేదానివా?"

ఆమె తెరను పిడికిట్లో పట్టుకుంది. గొంతు మాత్రం మారనివ్వలేదు. "లేపేదాన్ని. విసుక్కునేవాడు గాని, లేచేవాడు."

అతను నవ్వాడు. నవ్వుకు భుజం కదిలింది, భుజంతోపాటు చెయ్యి. వేళ్ళు ఆ డబ్బా అంచుదాకా వెళ్ళి ఆగాయి.

"సరే తల్లీ, లేస్తున్నా. ఆ మూత రాకపోతే కొంపలు అంటుకునేలా ఉన్నాయి." చేతులు రెండూ బయటికి తీశాడు.

ఆమె ఒక్క అంగలో వెళ్ళి అతని మణికట్టు పట్టుకుంది.

"ఏదీ సీసా?"

"సీసా లేదు, ఏమీ లేదు. చప్పుడు రాలేదు చిన్నా."

"ఏం చప్పుడు?"

చెప్పింది. వింటున్నంతసేపూ అతని మొహంలో నవ్వు కొంచెం కొంచెంగా ఆరిపోయింది. వెండిరంగు డబ్బా వైపు చూశాడు.

"కెపాసిటర్," అన్నాడు. "ప్లగ్ పీకినా కరెంటు దాచుకునే ఉంటుంది." తల విదిల్చాడు. "ఫ్యాన్లో ఉండే బుల్లిదే ఒకసారి నన్ను నిచ్చెన మీంచి కింద పడేసింది. దీనిముందు అది చీమ. నాకు తెలియంది కాదు వదినా. అసలు తట్టనే లేదు." ఆమె వైపు తిరిగి అన్నాడు, "అన్నయ్య ఎప్పుడూ ఒక్క మాటైనా హెచ్చరించలేదు."

"నువ్వొచ్చేలోపే చేసేసేవాడు. నిన్ను దీని దరిదాపులకు రానిస్తేనా."

అతను ఆమెను గుమ్మం దాకా వెళ్ళి నిలబడమన్నాడు. రబ్బరు తొడుగులు వేసుకున్నాడు. ఎడమచెయ్యి వీపు వెనక్కి పెట్టి, లావుపాటి పిడి ఉన్న పొడుగు స్క్రూడ్రైవర్‌ను ఆ డబ్బా రెండు కాళ్ళకూ అడ్డంగా ఆనించాడు.

గది దద్దరిల్లింది. నీలంగా మెరిసి ఆరింది. స్క్రూడ్రైవర్ కొన నల్లబడింది. మళ్ళీ ఆనించాడు. ఈసారి ఏమీ లేదు.

స్టూలు మీద కూలబడి, తొడుగులు ఊడదీశాడు.

"దీని తర్వాత అన్నయ్య ఏం చూసేవాడు వదినా? ముందు ఎక్కణ్ణుంచి మొదలుపెట్టేవాడు?"

ఆమె దగ్గరికొచ్చి ఆ తెరిచిన పెట్టెలోకి వంగి చూసింది.

"తెలీదు చిన్నా. వంటింట్లోకి వినపడింది ఇంతవరకే."

"అయితే బయటివాణ్ణే పిలుద్దాం," అంటూ అతను మూత అందుకున్నాడు. ఆమె గిన్నె పట్టుకుని పక్కన నిలబడి, ఒక్కొక్క మరా తీసి అతని చేతిలో పెట్టింది.