ఎడమ అరచేతి కింద

...అలా కాకపోతే మదర్‌బోర్డే పోయి ఉండాలి, పోయిందంటే దాన్ని పోగొట్టింది తనే అయి ఉండాలి, అనుకుంటూ అతను వదిన ఇంటి మెట్లెక్కుతున్నాడు. మెట్టు మెట్టుకీ అదే లెక్క. ర్యామ్ మార్చాడు. డిస్క్ మార్చాడు. విండోస్ తీసేసి మళ్ళీ ఎక్కించాడు. తన షాపులో రెండేసి రోజులు పరీక్షలు నడిపితే ఒక్కసారి కూడా ఆగదు. ఇంటికి పంపితే రోజుకు మూడుసార్లు ఠపీమని ఆరిపోతుంది. బడికి పంపిస్తే మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరే పిల్లాడిలా, నాలుగు వారాల్లో నాలుగుసార్లు తిరిగొచ్చింది ఆ ల్యాప్‌టాప్.

తొమ్మిదేళ్ళ నాటిది. వదిన మొదట తెచ్చినప్పుడు దానికున్న జబ్బు ఒక్కటే, ఫ్యాను గరగరలాడటం. కొత్త ఫ్యాను వేశాడు. వేసినప్పటినుంచే ఈ ఆగిపోవడం.

ఆ 'వేసినప్పటినుంచే' అన్న మాటే అతన్ని తింటోంది. ఫ్యాను వేసిన రోజు అతని కుడి బొటనవేలు వణికింది. అంతకు నెల ముందు మొదలైన వణుకు. ఎవరికీ చెప్పలేదు. నాన్నకి కూడా బొటనవేలితోనే మొదలై, రెండేళ్ళు తిరిగేసరికి చొక్కా గుండీలు ఇంకొకరు పెట్టాల్సి వచ్చింది. ఇరవై రెండేళ్ళుగా ఈ వేళ్ళనే నమ్ముకుని రిపేర్లు చేస్తున్నవాడికి ఆ రోజు ఏం జరిగిందో ఊహించుకోవడం కష్టం కాలేదు. స్క్రూడ్రైవర్ జారింది, బోర్డు మీద గీత పడింది. భూతద్దం పెట్టి నాలుగుసార్లు వెతికాడు. కనిపించలేదు. కనిపిస్తే ఏదో ఒక మూల ఉండేది. కనిపించలేదు కాబట్టి అతని ఊహలో ఆ గీత బోర్డంతా పరుచుకుంది.

వదిన తలుపు తీసింది. చెవి మీద పెన్సిల్.

"రావయ్యా డాక్టరూ. పేషెంటు పొద్దున్నుంచి రెండుసార్లు పోయి బతికింది."

ఏ మాట ఏ పేజీలో ఉందో చూపించే పట్టిక పుస్తకాల చివర ఉంటుంది కదా, అది తయారుచెయ్యడం ఆవిడ పని. ఇప్పుడు చేతిలో ఉన్నది నదుల మీద ఆరువందల పేజీల పుస్తకం. శుక్రవారానికి ఇచ్చెయ్యాలి.

"నిన్న ఆరిపోయినప్పుడు 'క' మొత్తం తుడిచిపెట్టుకుపోయింది," అంది వదిన. "చూడు, ఇంక నీవల్ల కాదనుకుంటే చెప్పెయ్. మొహమాటపడకు. వేరే షాపులో చూపించుకుంటా."

ఆవిడ మామూలుగానే అంది. అతని చెవికి మాత్రం అది తీర్పులా వినిపించింది. నీవల్ల కాదు.

"ఇవాళ దీన్ని విప్పను వదినా. నువ్వు పని చేసుకో. నేను చూస్తూ కూర్చుంటా."

"దాన్నా, నన్నా?"

"ఇద్దర్నీ."

"బాగుంది. పెళ్ళైన కొత్తలో మీ అన్న కూడా అంత ఓపిగ్గా చూసిన పాపాన పోలేదు."

కిటికీ పక్కన బల్ల. ఆవిడ కూర్చుంది, అతను పక్కన ముక్కాలి పీట లాక్కున్నాడు. చాలాసేపు టకటకలు తప్ప ఏమీ లేదు. తర్వాత ఆవిడ ఏదో సందేహం వచ్చి పుస్తకం మీదికి వంగింది. కుడిచేత్తో పేజీ నొక్కిపట్టింది. భుజం బరువంతా ఎడమ అరచేతి మీదికి వచ్చింది. ఆ అరచెయ్యి ల్యాప్‌టాప్ ఎడమ మూల మీద ఉంది.

తెర నల్లబడింది.

"ఇదిగో, పోయింది మహాతల్లి!"

అతను తెర వైపు చూడటం లేదు. "వదినా, ఆ చెయ్యి... ఎప్పుడూ అక్కడే ఆనిస్తావా?"

"ఎక్కడ?" ఆవిడ అరచెయ్యి ఎత్తి, ఎవరిదో చెయ్యి చూసినట్టు చూసుకుంది. "చదివేటప్పుడు ఆనిస్తానేమో. ఎవరు చూడొచ్చారు?"

మళ్ళీ ఆన్ చేశాడు. "ఇప్పుడు ఆనుకో." ఆరిపోయింది. మళ్ళీ ఆన్. ఆనుకుంది. ఆరిపోయింది.

షాపులో దాని మీద ఎవరు ఆనుకున్నారు? పరీక్ష పెట్టి దూరంగా జరిగేవాడు. భయం పట్టుకున్నాక వేలికొసలతో తప్ప ముట్టుకోలేదు.

బోర్లా తిప్పి, సరిగ్గా ఆ అరచేతి కిందికి వచ్చే మూలనున్న స్క్రూ విప్పాడు. పొడుగుది. వెనకవైపు, మూత మడిచే చోట ఉండాల్సినది. ముందు మూలల్లో పొట్టివి ఉండాలి. దీని మొన లోపల బోర్డు మీది టంకం చుక్కకి వెంట్రుకవాసి దూరంలో ఆగి ఉంటుంది. పైనుంచి బరువు పడగానే తగిలి షార్ట్ అవుతుంది. అంతే.

అప్పుడు గుర్తొచ్చింది. స్క్రూలు విప్పగానే అట్టముక్క మీద, ఏది ఎక్కడిదో అక్కడే గుచ్చిపెట్టుకోవడం అతని పద్ధతి. ఫ్యాను వేసిన రోజు కౌంటర్ దగ్గర ఒకాయన ఫోను పాడైందని గోల పెడుతుంటే, ఆయనకి జవాబు చెబుతూ స్క్రూలన్నీ ఒకే డబ్బా మూతలో పోసి, చేతికి వచ్చింది వచ్చినట్టు బిగించేశాడు. పని నేర్చుకున్న తొలి ఏడాదిలోనూ ఒకసారి ఇదే చేశాడు. అప్పుడు వేళ్ళు రాయిలా నిలకడగా ఉండేవి. ఈ ల్యాప్‌టాప్ తిరిగొచ్చిన నాలుగుసార్లూ మాత్రం పద్ధతిగా అట్టముక్క పెట్టుకుని, ప్రతి స్క్రూనీ తీసిన చోటే బిగించాడు. తప్పుని నాలుగుసార్లు భద్రంగా దాచిపెట్టాడు.

నవ్వు ఆగలేదు.

"ఏంటయ్యా, దాని జబ్బు నీకు అంటుకుందా?"

"జబ్బు కాదు వదినా. పరధ్యానం. నాదే. పొడుగు స్క్రూ తీసుకొచ్చి పొట్టి దాని చోట బిగించాను."

"నెలరోజులు నా ప్రాణం తీసింది ఒట్టి పరధ్యానమా!"

"ఒట్టి పరధ్యానమే," అన్నాడు, ఎవరో బహుమతి ఇచ్చినంత సంతోషంగా. తప్పు దొరికినందుకు ఇంత హాయిగా ఉంటుందని అతనికి తెలీదు. వేలు వణుకుతున్న మాట నిజమే. డాక్టర్‌కి చూపించుకోవాలి. కానీ వణుకు వేరు, స్క్రూ వేరు. రెంటినీ ముడేసి మెడకు తగిలించుకున్నది తను.

"ఫోన్‌లో లైటు వేసి ఇటు పట్టుకో వదినా."

ఆవిడ దగ్గరికి జరిగి లైటు పట్టింది. ఈమధ్య అతను ఎవరి ముందూ ఇంత చిన్న పని చెయ్యలేదు. ఏదో ఒక వంక చెప్పి, వీపు తిప్పుకుని చేసేవాడు. వెనకవైపు తప్పుగా బిగించిన పొట్టి స్క్రూ విప్పి మూల దగ్గరికి తెచ్చాడు. అది రంధ్రం అంచున అటూ ఇటూ తడబడింది.

"నీ వేలేంటి, అలా..." అంది వదిన, వేళాకోళం మానేసి.

చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు, అలవాటుగా. లాక్కోలేదు.

"వణుకుతోంది వదినా, రెండు నెలలుగా," అని చెప్పి, ఆవిడ చూస్తుండగానే స్క్రూని రంధ్రంలో నిలబెట్టి బిగించాడు.