లైట్‌హౌసు బొమ్మ సీసా

నేను ఒక ఖాళీ సీసాను. ఖాళీ అని ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నన్ను చూడగానే ఆశగా పైకెత్తి వెలుతురుకేసి పట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు. లోపల ఏమీ లేదని తెలిశాక పెదవి విరిచి కింద పెట్టేస్తారు. వాళ్ళమీద నాకు కోపం లేదు. సీసాను చూసి లోపల ఏముందో వెతకడం మనుషుల అలవాటు, ఎదుటి మనిషి దగ్గర మాత్రం ఆ ఓపిక ఉండదు.

నేను పుట్టింది చలిదేశంలో. ఇసుకనూ సున్నపురాయినీ సోడానూ కొలిమిలో కరిగించి, ఎర్రగా కారుతున్నదాన్ని అచ్చులో పోసి నన్ను చేశారు. ఎనిమిది పలకలు, మందమైన అడుగు, సన్నటి పొడుగు మెడ. పక్కవాళ్ళందరికీ కాగితం చీటీలు అతికించారు. నాకు ఆ అవసరం రాలేదు. సముద్రపు ఒడ్డున నిలబడ్డ లైట్‌హౌసు బొమ్మ నా గాజులోనే ఉబ్బెత్తుగా లేచింది. గర్వం అనుకుంటే అనుకోండి, అలాంటి ఒడ్డూ పొడుగూ ఆ వరుసలో ఇంకెవరికీ లేవు. పీపాలో పదిహేనేళ్ళు నిద్రపోయిన విస్కీని నాలో నింపి, బెండు బిరడా బిగించి, ఓడ ఎక్కించారు.

దిగింది యానాంలో. చుట్టూ ఆంధ్ర, ఆ గోదావరి ఒడ్డు ఊరు మాత్రం పుదుచ్చేరి కింద. అక్కడ భావనారాయణగారని ఒకాయన మందుకొట్టు నడిపేవారు. నుదుట విభూతి, చేతిలో గుడ్డ. చుక్క ముట్టని మనిషి. ఎవరైనా ఖాళీ సీసా తెచ్చిస్తే మాత్రం బిరడా ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేవారు. అంతటితో ఆయన చదువు పూర్తయ్యేది.

కాకినాడ నుంచి, అమలాపురం నుంచి జనం వచ్చి "మంచి సరుకేదో చెప్పండి" అని అడిగేవారు. ఏ కొట్టువాడైనా ఎంతలో కావాలని అడుగుతాడు. ఈయన అలా కాదు.

"ఎవరితో తాగుతారండి?" అనేవారు.

ఆ ప్రశ్నకు జవాబును బట్టి చెయ్యి ఏ అరకు వెళ్ళాలో తేలేది. మామగారితో అని ఒక కొత్త అల్లుడు చెబితే తేలికపాటి విస్కీ ఇచ్చి, "రెండో గ్లాసు దగ్గర ఆపేయండి, మూడో గ్లాసులో ఆస్తుల మాటలొస్తాయి" అన్నారు. ఒంటరిగా తాగే రిటైరు మేష్టారికి పొగవాసన వేసే చిన్న సీసా చూపించి, "ఇది గదిలో ఉంటే పక్కన మనిషున్నట్టే ఉంటదండి" అన్నారు. చుట్టాలు మళ్ళీ మళ్ళీ రాకూడదనుకునేవాళ్ళకు గోవా నుంచి వచ్చిన, వాసనకే తల తిరిగే జీడిమామిడి సారా ఫెనీ. పెళ్ళాంతో అని సిగ్గుపడుతూ చెప్పినవాళ్ళకు నాసిక్ ద్రాక్ష వైను, అది కూడా భుజాలు జారిన నాజూకు సీసాలో. ఇప్పటికీ ఎవరైనా మంచి సీసా ఏదని అడిగితే నాకు ఆయన గొంతే వినిపిస్తుంది. ఆ కొట్టూ, చెక్క అరల వాసనా, రేవులో లాంచీ కూత వేస్తే సన్నగా వణికే మా వరుసలూ నాకు ఎంతో ఇష్టంగా ఉండేవి.

నన్ను పై అరలో నిలబెట్టి మూడేళ్ళు ఎవరికీ ఇవ్వలేదు. అడిగినవాళ్ళకు "అది మీక్కాదండి" అనేవారు. కొందరు అలిగి వెళ్ళిపోయారు కూడా.

యానాం నుంచి అవతలి ఒడ్డు ఎదుర్లంకకు వంతెన తెరిచిన మర్నాడు ఒకాయన వచ్చాడు. సంగాడి మార్కండేయులు. ముప్పై ఏళ్ళు ఆ రేవులో లాంచీ నడిపిన సరంగు. వంతెనతో లాంచీలన్నీ ఆగిపోయాయి, ఆయన చేతులకు పని లేకుండా పోయింది. ఆయన ముందు ఒక కొత్త పెళ్ళికొడుకు నిలబడి వైను కొంటున్నాడు. భావనారాయణగారు అతనికి జాగ్రత్తలు చెబుతున్నారు: "వైను సీసాని పడుకోబెట్టి ఉంచాలండి. బిరడా తడిగా ఉండాలి. ఎండితే గాలి దూరి పులిసిపోద్ది."

తరవాత సరంగు వంతు వచ్చింది. ఆయన నావైపే, నా మీది లైట్‌హౌసువైపే చూస్తున్నాడు.

"ఎవరితో తాగుతారండి?"

సరంగు గోడకున్న క్యాలెండరు చూశాడు, తన చేతులు చూసుకున్నాడు.

"ఒకడున్నాడండి. ఆడికో మాట చెప్పాలి."

భావనారాయణగారు ఇంకేమీ అడగకుండా స్టూలు ఎక్కి నన్ను దింపారు. గుడ్డతో తుడిచి చేతికిస్తూ, "విస్కీని మాత్రం నిలబెట్టే ఉంచాలండి. పడుకోబెడితే ఆ ఘాటు బిరడాని తినేస్తది. ఎక్కువ రోజులు దాచకండి కూడా" అన్నారు. సరంగు తల ఊపాడు. ఆ మాట ఆయన చెవిలో పడలేదని నాకు అప్పుడే తెలిసింది. మనసు ఎక్కడో ఉన్న మనిషి తల ఊపినట్టే ఊపాడు.

ఇంటికి తీసుకెళ్ళి ట్రంకుపెట్టెలో పట్టుపంచెల మధ్య నన్ను పడుకోబెట్టాడు. తనకు చెప్పిన మాట పోయి, పెళ్ళికొడుక్కి చెప్పిన మాట బుర్రలో మిగిలింది. ఎనిమిది పలకలదాన్ని కావడంతో కనీసం దొర్లిపోలేదు, అంతవరకు నయం.

ఆ చెప్పాల్సిన మాట ఏమిటో నాకు అక్కడే తెలిసింది. ఆదివారం ఆదివారం పెట్టె తెరిచి నన్ను చేతిలోకి తీసుకుని మెల్లగా చెప్పుకునేవాడు. సీల్ వేసిన సీసా ఎవరికీ చెప్పదని కాబోలు ఆయన ధైర్యం.

లాంచీలో పైన సరంగు చుక్కాని పడతాడు. కింద ఇంజను దగ్గర ఇంకో మనిషి ఉంటాడు. అతనికి నీళ్ళు కనబడవు. పైనుంచి సరంగు తాడు లాగితే కింద ఇనపగొట్టానికి బిగించిన గంట మోగుతుంది. ఒక దెబ్బ అంటే ముందుకు. రెండంటే ఆపు. మూడంటే వెనక్కి. మార్కండేయులు కింద ఇంజను మనిషి ఏసుదాసు. ఇరవై రెండేళ్ళు ఇద్దరూ ఒకే లాంచీ, ఒకే క్యారియరు, ఒకే కూర. వంతెన తెరవడానికి ఏడాది ముందు, ఒక మధ్యాహ్నం నది మధ్యలో కొత్తగా వేసిన ఇసుకమేట ఎదురైంది. మూడు దెబ్బలు కొట్టాల్సిన క్షణంలో సరంగు రెండు చేతులూ అడ్డం పెట్టుకుని గాలిలో చుట్ట వెలిగించుకుంటున్నాడు. లాంచీ మేటకెక్కి అడుగు చీలిపోయింది. మనుషులు బతికారు, ఒక ముసలమ్మకు కాలు విరిగింది.

విచారణలో సరంగును అడిగారు, గంట కొట్టావా అని. కొట్టానన్నాడు. నోట్లోంచి ఊడిపడిన ఆ ఒక్క మాటను మళ్ళీ లోపలికి లాక్కోలేకపోయాడు. ఇంజను హోరులో ఏళ్ళ తరబడి ఉండి ఏసుదాసుకు అప్పటికే చెవులు మందం. చెవిటివాడు గంట వినలేదని రాసి అతన్ని పనిలోంచి తీసేశారు. ఏసుదాసు కాకినాడ జగన్నాథపురం వెళ్ళి నీళ్ళ మోటార్లు బాగుచేసుకుంటూ బతికాడు. మార్కండేయులు ఆ రోజు నుంచి చుట్ట ముట్టలేదు. దానివల్ల ఎవరికి ఏం ఒరిగిందో ఆయనకే తెలియాలి.

యానాం నుంచి కాకినాడ గంట ప్రయాణం. ఆయన దానికి పదకొండేళ్ళు తీసుకున్నాడు. ఎన్ని ఆదివారాలు నన్ను తువ్వాలులో చుట్టి, సంచిలో పెట్టి, బస్టాండుకు తీసుకెళ్ళాడో. బెంచీ మీద కూర్చునేవాడు. కాకినాడ బస్సు వచ్చేది, జనం ఎక్కేవారు, బస్సు పోయేది. టీ తాగి ఇంటికొచ్చేవాడు. నా బిరడా ఒక్క లాగుకు ఊడుతుంది. మనిషి నోరు తెరవడానికి ఇంత బలం కావాలని నాకు తెలియదు.

ఇటు పెట్టెలో నా సంగతి చూడండి. పడుకోబెట్టిన విస్కీ బిరడాను కొద్దికొద్దిగా తినేసింది. చుక్క చుక్క కారింది, మిగిలింది ఆవిరైపోయింది. పట్టుపంచెలు పీపా వాసన కొట్టాయి. ఆ పంచె కట్టుకుని ఆయన ఒకసారి పెళ్ళికెళితే, ఆ రోజు చుక్క ముట్టని మనిషిని పట్టుకుని తాగొచ్చాడన్నారు. పదిహేనేళ్ళ నిద్ర అలా కారిపోతుంటే నాకు ఏడుపొచ్చింది. సీసా అన్నాక నిండుగా ఉన్న రోజుల్ని మరిచిపోవడం అయ్యే పని కాదు.

చివరికి బస్సెక్కించినవారు భావనారాయణగారే. కొట్టు ఎత్తేస్తున్న వారంలో దారిలో కనబడి, "ఆ సీసా ఏం చేసేరండి?" అని అడిగారు. సరంగు నేల చూపులు చూశాడు.

"మీరు చెప్పకపోయినా నాకు తెలుసండి, అది దాసుకోసమే కొన్నారు. మొన్న కాకినాడలో చూసేను. చెవులు పూర్తిగా పోయేయండి, ఆయ్. పక్కన పిడుగు పడ్డా తెలీట్లేదు."

చెప్పడానికి సరంగు ధైర్యం కూడగట్టుకునేలోపే వినేవాడు లేకుండా పోయాడు. ఆ ఆదివారం బెంచీ మీద కూర్చోకుండా నేరుగా బస్సెక్కేశాడు.

జగన్నాథపురంలో చర్చి వదిలిన వేళ. ఏసుదాసు అరుగు మీద ఒక బల్లఫ్యాను విప్పుకుని కూర్చున్నాడు. అతని భార్య సువార్తమ్మ తలుపు దగ్గర నిలబడి సరంగును గుర్తుపట్టింది. రమ్మనలేదు, పొమ్మనలేదు.

"మంచినీళ్ళు తాగుతారా అన్నయ్యగారూ" అంది.

ఏసుదాసు తలెత్తి చూసి నవ్వాడు. సరంగు చెప్పులు విప్పి అరుగెక్కాడు. పక్కన కూర్చుని, "తప్పు నాదిరా దాసూ" అన్నాడు, పెట్టె ముందు నాతో చెప్పుకున్న గొంతుతోనే.

"ఏంటీ?" అన్నాడు ఏసుదాసు పెద్దగా.

"ఆ రోజు నేను గంట కొట్టలేదురా."

"గట్టిగా చెప్పరా, ఇనపట్లేదు."

సరంగు గొంతు పెంచాడు. ఇంకా పెంచాడు. ఆఖరికి నది మీద కేకేసినట్టు "గంట కొట్టలేదురా, చుట్ట ఎలిగించుకుంటన్నాను, ఎంక్వయిరీలో అబద్ధం చెప్పేను" అని అరిచాడు. పిట్టగోడల మీంచి తలలు లేచాయి. ఒక్కడికి చాటుగా చెప్పలేక పన్నెండేళ్ళు దాచిన మాట వీధి వీధంతా విన్నది, వినాల్సినవాడు తప్ప. ఏసుదాసు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "భోజనం చేసేవా?" అని అడిగాడు.

సరంగు ముఖం కప్పుకుని కూర్చుండిపోయాడు. తరవాత ఇంకేం చెయ్యాలో తోచక నన్ను సంచిలోంచి తీశాడు. నా లైట్‌హౌసు చూసి ఏసుదాసు ముచ్చటపడ్డాడు. బిరడా పట్టి లాగితే సగం చేతిలోకి, సగం లోపలికి పొడి పొడిగా రాలిపోయింది. నాకు సిగ్గేసింది. సువార్తమ్మ ఏమీ అనకుండా పాతగుడ్డా చెంచా తెచ్చి వడకట్టింది. రెండు గ్లాసుల్లో మూడేసి వేళ్ళ ఎత్తు కూడా రాలేదు. ఏసుదాసు గుటక వేసి, "బెండు వాసనేస్తందిరా" అని, అయినా పూర్తిగా తాగాడు.

అప్పుడు సరంగుకు ఏం తోచిందో, నన్ను ఫ్యాను పక్కన నిలబెట్టాడు. నిలబడి ఎన్నాళ్ళయిందో. ఏసుదాసు అరచెయ్యి పట్టుకుని నా పలకల మీద ఆనించాడు. తను రెండు చేతులూ దోసిలి చేసి, నోటి దగ్గర పెట్టుకుని, చుట్ట వెలిగించినట్టు చూపించాడు. ఆ చేతుల్ని అలాగే కాసేపు ఉంచాడు. ఆ తరవాత చెంచా అందుకుని నా మెడ మీద కొట్టాడు. ఒకటి. రెండు. మూడు.

నిండుగా ఉండి ఉంటే నేను అలా మోగేదాన్ని కాదు. ఆ మోత నా అడుగుదాకా దిగి అతని అరచేతిలోకి వెళ్ళడం నాకు తెలిసింది.

ఏసుదాసు చాలాసేపు చెయ్యి తీయలేదు.

"ఇది ఆ రోజు రాలేదురా" అన్నాడు. ఈసారి గొంతు చిన్నదిగా ఉంది. "నా చెయ్యి గంటగొట్టం మీదే ఉంది. చెవులు పోయినకాడ్నించీ నేను చేత్తోనే ఇనేవోణ్ణి. అది ఆ ఎంక్వయిరీవోళ్ళకి తెలీదు. నీకు తెలుసు."

సరంగు తల ఎత్తలేదు. "తెలుసు" అన్నాడు, అది ఏసుదాసుకు వినిపించకపోయినా.

"పన్నెండేళ్ళకొచ్చింది గంట" అంది సువార్తమ్మ. "నా పుస్తెలతాడు అమ్ముకు తిన్న ఏడు వచ్చుంటే బాగుండును." ఆ మాట అని లోపలికి వెళ్ళి మూడో కంచం కడిగింది.

ఏసుదాసు సరంగు చేతిలోంచి చెంచా తీసుకున్నాడు. ఆయన రెండో చెయ్యి పట్టి లాగి నా మీద ఆనించాడు. ఒకే ఒక్క దెబ్బ కొట్టాడు.

ముందుకు.

నేను ఇప్పుడు ఉండేది ఆ ఇంటి కిటికీలోనే. ఆ ఇంట్లో సీసా ఖాళీగా ఉండడం సువార్తమ్మకు గిట్టదు. నా పక్కన ఒకదాంట్లో నువ్వులనూనె, ఒకదాంట్లో ఫినాయిలు. నాలో కూడా కొబ్బరినూనె పోయబోతే ఏసుదాసు చెయ్యి అడ్డం పెట్టి, "దాన్ని నింపకు" అన్నాడు. మీరెవరైనా మంచి సీసా కొనబోతుంటే నాకు తెలిసింది చెబుతాను. ఎవరితో అని మిమ్మల్ని మీరే అడగండి, ఎందుకంటే అలా అడిగే కొట్టువాళ్ళు ఇప్పుడు లేరు. విస్కీ అయితే నిలబెట్టి ఉంచండి. ఎక్కువ రోజులు మాత్రం దాచకండి.

ఇప్పుడు ఆదివారం ఆదివారం సరంగు ఇక్కడికే వస్తాడు. మొన్న ఆదివారం ఆయన వచ్చే యానాం బస్సు రాలేదు. రెండో బస్సులో సరంగు లేడు. ఏసుదాసు నన్ను కిటికీలోంచి దింపి, అరుగు మీద నిలబెట్టి, అరచెయ్యి ఆనించుకుని పొద్దు వాలేదాకా కూర్చున్నాడు. అన్నానికి లెమ్మని సువార్తమ్మ భుజం తడితే తల అడ్డంగా ఊపాడు. సరంగు వచ్చేసరికి వీధి దీపాలు వెలిగాయి. దారిలో బస్సు టైరు పంక్చరట. ఆ సంగతి అరిచి చెప్పే ప్రయత్నం చెయ్యలేదు. ఆయాసపడుతూ వచ్చి చెంచా అందుకుని నా మీద ఒక దెబ్బ కొట్టాడు. ఏసుదాసు అప్పుడు లేచి అన్నానికి వెళ్ళాడు.