ఒక జిమ్ము, రెండు బళ్ళు

బ్రూక్లిన్‌లో ఆ నాలుగంతస్తుల భవనంలో కింది రెండంతస్తులూ మామూలు సర్కారు బడివి, పై రెండూ ఛార్టర్ బడివి. ఖర్చు రెంటికీ సర్కారుదే. పై బడికి పెత్తనం మాత్రం సొంతం, సీటు లాటరీలో తగలాలి. గుమ్మాలు వేరు, మెట్లు వేరు, జిమ్ము ఒక్కటే. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని పేటంతా అనుకుంటూనే ఉంది. అనుకునేవాళ్ళకేం, పని లేదు.

బెర్నడీన్ కల్పెప్పర్ కింది బడిలో ఆటల టీచరు. మధ్యాహ్న భోజనాలయ్యాక ఒక గంటసేపు జిమ్ములో జంటతాళ్ళ ఆట నేర్పుతుంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి రెండు తాళ్ళు తిప్పుతుంటే నడుమ ఒకరు గెంతాలి. ఇప్పుడు ఆ గంటకే ఎసరొచ్చింది. పై బడికి కొత్తగా వచ్చిన హెడ్మాస్టరు విట్లాక్ అది తమకు కావాలన్నాడు. ఇవాళ రెండు బళ్ళవాళ్ళూ, తల్లిదండ్రులూ, పిల్లలూ జిమ్ములోనే కూర్చున్నారు, తేల్చుకుందామని. గంట పోతే వసంతంలో పోటీకి వెళ్ళే జట్టూ పోయినట్టే.

విట్లాక్ మాటలో అబద్ధం లేదు, అదే వచ్చిన చిక్కు. కింద ఆడేది గుప్పెడు మంది. పైన ఎనభై మందికి పరిగెత్తడానికి చోటు లేదు. పైగా జట్టులో తాళ్ళు తిప్పే జెనెల్ నిరుడు లాటరీలో సీటొచ్చి పైకి వెళ్ళిపోయింది. పుస్తకం చూస్తే ఏడ్చే పిల్ల ఇప్పుడు బస్సుల మీద రాతలన్నీ గడగడా చదువుతోందని వాళ్ళమ్మ రోజ్లిన్ ఒకటే సంబరం. బెర్నడీన్‌కూ సంతోషమే, ఎందుకుండదు? కానీ అలాంటి చెయ్యి మళ్ళీ దొరకొద్దూ! ఆ పిల్లకీ తాళ్ళ మీది మమకారం చావలేదు. తనవి కాని కింది బడి మెట్లు దిగి జిమ్ములోకొచ్చి, పైన చీవాట్లు తింటూనే ఉంది.

విట్లాక్ చక్కగా మాట్లాడాడు. తల్లులు తలలూపారు. కింది బడి హెడ్మిస్ట్రెస్ నీళ్ళు నమిలింది. బెర్నడీన్ తన వంతు వచ్చాక ఉపన్యాసం జోలికి పోకుండా సంచిలోంచి తాళ్ళు తీసింది.

"మా పేటలో ఒక ధర్మం ఉంది నాయనా," అంది. "తాడు తిప్పనివాడికి తాడు దగ్గర తగువులాడే హక్కు లేదు. రా, కొసలు పట్టుకో."

జనం నవ్వారు. ఆ వీధుల్లో పెరిగినవాళ్ళెవరూ ఆ ధర్మాన్ని కాదనరు. తాడేం కరవదులెమ్మని రోజ్లిన్ వెనకనుంచి ఎగదోసింది. విట్లాక్ కోటు విప్పి వచ్చాడు, అది మాత్రం అతని మంచితనమే. ఎదురు కొసలు పట్టడానికి బెర్నడీన్ జెనెల్‌ని పిలిచింది.

తాళ్ళు రెండు చుట్లు తిరిగి పెనవేసుకున్నాయి. మళ్ళీ తిప్పితే మళ్ళీ అంతే.

"రెండు చేతులూ కలిసి లేస్తున్నాయి సార్," అంది జెనెల్. "ఒకటి దిగేటప్పుడు రెండోది లేవాలి. లెక్కపెట్టకండి, నేల మీద చప్పుడు వినండి."

విట్లాక్ విన్నాడు. ఈసారి తాళ్ళు ఒకదాని వెనక ఒకటి నేలని తట్టాయి. కింది బడి పిల్ల ఒకతె నడుమకి దూకింది. ఆమె బయటికి రాగానే పై బడి యూనిఫారంలో ఉన్న పిల్లాడొకడు అమ్మ చెయ్యి విదిలించుకుని దూకాడు. చూస్తుండగానే వాళ్ళ వెనక పిల్లలు వరస కట్టారు. ఎవరు ఏ అంతస్తువాళ్ళో అడిగే తీరిక ఎవరికీ లేదు.

బెర్నడీన్‌కి గుండె నిండింది. ఇదే అదను.

"ఈ గంట నీదీ కాదు, నాదీ కాదు," అంది. "నీ ఎనభై మందినీ పంపు, ఆడిస్తా. కొత్త తాళ్ళు నువ్వు తెప్పించు. జెనెల్ మాత్రం నా జట్టులో తిప్పుతుంది."

"రెండు బళ్ళ జట్టైతే, గెలిచిన కప్పు ఎవరి అలమారాలో పెడతాం?" అన్నాడు విట్లాక్ రొప్పుతూ.

"ముందు గెలవనీ. చేతులు చూసుకో, కలుస్తున్నాయి."

అతను చేతులు సర్దుకున్నాడు. ఎదురుగా జెనెల్ అంతసేపూ నోట్లో తిప్పుకుంటున్న మాట అప్పుడు అడిగింది.

"సార్, రేపు నేను ఏ మెట్లు దిగి రావాలి?"

విట్లాక్ తాళ్ళ మీంచి చూపు తియ్యలేదు.

"ఏవి దగ్గరైతే అవి," అన్నాడు.