కెల్లో ఇంట్లోకి వచ్చిన చలికాలం

అక్టోబరులో మా ఆయన వైనో చనిపోయిన వారం మా ఇంటికొచ్చిన వాళ్ళందరూ రెండు మాటలే అన్నారు. కాఫీ తాగమని ఒకటి, కుక్కల్ని ఎవరికైనా ఇచ్చెయ్యమని రెండోది. కాఫీ తాగాను. కుక్కల సంగతి వినిపించుకోలేదు. అది పట్టుదల కాదు. ఎవరికివ్వాలో ఆలోచించడానికి కూడా ఓపిక ఉండాలి కదా, అది లేదు నాకు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. వాళ్ళు చెబుతూ ఉంటే నేను వాళ్ళ కప్పుల్లో కాఫీ పోస్తూ ఉన్నాను.

నాకు ఏడుపు రాలేదు. పాలు ఎప్పుడు పొంగుతాయా అని పొయ్యి మీద గిన్నెకేసి చూసినట్టు అందరూ నా మొహంలోకి చూశారు. ముఖ్యంగా మా ఆడపడుచు సైమా. తమ్ముడు పోయాడని ఆవిడ చర్చిలో మూడు రుమాళ్ళు తడిపింది. నేను ఆ రుమాళ్ళు ఉతికి ఇచ్చాను.

కుక్కలు మూడు. టిల్లీ, దాని కూతురు సిస్సీ, మగాడు కెల్లో. మావాళ్ళ ఫిన్నిష్ భాషలో కెల్లో అంటే గంట. కుందేలు వాసన తగిలితే చాలు, సీడర్ చెట్ల చిత్తడి నేల ఈ చివర నుంచి ఆ చివర దాకా వాడి గొంతు మోగేదట. మోగేదట అనడం ఎందుకంటే, నేను ఎప్పుడూ వేటకి వెళ్ళలేదు. వైనో తెచ్చిన కుందేళ్ళని వండటం వరకే నా పని.

అయినా చలికాలంలో వేటకుక్కల్ని ఎలా చూడాలో నాకు తెలుసు. అమెరికాలో ఈ సుపీరియర్ సరస్సు ఒడ్డున ఉండేవాళ్ళకి అది తెలియకపోతే ఎలా? కుక్క పడుకునే పెట్టె చిన్నదిగా ఉండాలి, దాని ఒంటి వేడికే లోపలంతా వెచ్చబడేలా. నేల మీద నుంచి ఎత్తుగా పెట్టాలి. గుమ్మం సరస్సు గాలికి వీపు తిప్పి ఉండాలి. లోపల గింజ రాల్చిన ఓట్స్ గడ్డి కుక్కాలి. పశువులు మేసే పచ్చగడ్డి ఎండబెట్టి వేస్తే చెమ్మ పట్టేస్తుంది. దుప్పటి అసలు వెయ్యకూడదు. ఊపిరి తడికి నానుతుంది, తెల్లారేసరికి చెక్కలా బిగుస్తుంది. కొత్తగా కుక్కని తెచ్చుకున్న ప్రతివాడూ జాలిపడి దుప్పటే వేస్తాడు. తిండిలో కరిగించిన పశువు కొవ్వు, గోరువెచ్చని నీళ్ళు కలపాలి. రెండు రోజులకోసారి పక్కటెముకల మీద చెయ్యి వేసి తడమాలి. ‘బొచ్చు అబద్ధాలాడుతుంది, నీ చెయ్యి ఆడదు’ అనేవాడు వైనో.

అన్నిటికంటే పెద్ద నియమం ఇంకొకటుంది. చలి పడ్డాక కుక్కని ఇంట్లోకి రానివ్వకూడదు. పొయ్యి దగ్గర పడుకోవడం మరిగిన కుక్క, పైబొచ్చు కింద దూదిలా పెరిగే లోబొచ్చుని రాల్చేస్తుంది. ఆ తర్వాత దాన్ని బయట పెట్టడమంటే చంపడమే.

ఆ పనులన్నీ చేశాను. చేతులు చేస్తూ పోయాయి. నేను ఎక్కడున్నానో నాకే తెలియదు. ఐసు పట్టిన రబ్బరు పళ్ళేల్ని నేలకేసి కొట్టి, నీళ్ళు పోసి, గడ్డి మార్చి, లోపలికొచ్చి కుర్చీలో కూర్చునేదాన్ని. మళ్ళీ లేవాల్సినప్పుడు లేచేదాన్ని. బాధగా ఉందా అని పాస్టరు గారు అడిగితే, ఉందో లేదో చూసి చెబుతానన్నాను. ఆయన నొచ్చుకున్నాడు.

కెల్లో మాత్రం తినడం మానేశాడు. రోడ్డు వైపు తిరిగి కంచె దగ్గరే కూర్చునేవాడు. ఏ బండి వచ్చినా లేచి నిలబడేవాడు, అది మలుపు తిరిగాక మళ్ళీ కూర్చునేవాడు. కొవ్వు ఎక్కువ వేశాను, కాలేయం ఉడికించి పెట్టాను. వాటిని టిల్లీ తినేసింది. డిసెంబరులో ఒకరోజు వాడి ఒంటి మీద చెయ్యి వేస్తే ఎముకలు ఒక్కొక్కటిగా తగిలాయి. ఇంకొద్ది రోజులు ఇలాగే ఉంటే వీడు కూడా పోతాడని అర్థమైంది. మెడపట్టీ పట్టుకుని వాణ్ణి వంటింట్లోకి తీసుకొచ్చాను. నియమం గుర్తుంది. గుర్తుండే తీసుకొచ్చాను.

పొయ్యి దగ్గర గిన్నె పెడితే వాసన చూశాడు, నా మొహం చూశాడు, తిన్నాడు.

ఆ తర్వాతి వారం శనివారం సైమా మా ఇంటికి ఆవిరి స్నానానికి వచ్చింది. పోయినవాళ్ళు పోయినా శనివారం స్నానం శనివారమే. స్నానం చేసి ఎర్రగా వెలిగిపోతూ వంటింట్లోకి వచ్చి, చాప మీద కెల్లోని చూసి ఆగిపోయింది.

“ఏమే ఇంపీ, ఇదేంటి? వేటకుక్కని తెచ్చి పొయ్యి దగ్గర పడుకోబెడతావా? మా నాన్నుంటే నిన్ను కుక్కపెట్టెలో పడుకోబెట్టేవాడు!”

“మీ నాన్న లేడుగా. నువ్వు రొట్టె తిను.”

“వెటకారాలకేం తక్కువ లేదు.” వంగి చాప మీద నుంచి పిడికెడు బొచ్చు తీసింది. “చూడు. గొర్రెని కత్తిరించావా ఏంటి? ఇక వీణ్ణి మంచు కరిగేదాకా బయట పడుకోబెట్టలేవు. వైనో పదేళ్ళు కష్టపడి తయారు చేసుకున్న కుక్క. నువ్వు పది రోజుల్లో దిండు చేసేశావు.”

“తింటున్నాడు వదినా. అప్పుడు తినలేదు, ఇప్పుడు తింటున్నాడు.”

సైమా ఆ బొచ్చుని పొయ్యిలో వేసి, రొట్టె మీద వెన్న రాసుకుంది. కాసేపటికి, “నేనైతే ఏం చేసేదాన్నో నాకూ తెలీదులే” అంది. ఆవిడ నాతో మెత్తగా మాట్లాడింది ఆ ఒక్కసారే అనుకుంటాను.

జనవరి నడిమిలో ఒకరోజు తైస్తో వచ్చాడు. వైనోకి చిన్నప్పటి నుంచి వేట జోడీ. వైనో పోయాక వారానికోసారి వచ్చి ఆడకుక్కలు రెండిటినీ చిత్తడికి తీసుకెళ్ళేవాడు, పరుగు లేకపోతే అవి పాడైపోతాయని. ఆ రోజు వాటిని ట్రక్కు ఎక్కిస్తుంటే, కెల్లో వంటింటి కిటికీకి కాళ్ళు వేసి ఊళపెట్టాడు. తలుపు గీరాడు. గోళ్ళలోంచి రక్తం వచ్చేదాకా గీరాడు.

తైస్తో లోపలికొచ్చి వాడి నడుము తడిమి తల ఊపాడు. “కండ పట్టింది వదినా. కానీ ఇది చొక్కా లేని కుక్క. ఈ చలికి తట్టుకోదు.”

“ఒక్క గంట. ఎండ ఉన్నప్పుడు. నేను కూడా వస్తాను, అవ్వగానే బండిలో ఎక్కించుకుంటాను.”

“నువ్వా? వేటకా?” నవ్వబోయి మానేశాడు. “సరే, ఎక్కు. కాఫీ తెచ్చుకో, నాకు కూడా.”

చిత్తడి పక్కన బండి ఆపి వదిలాడు. మూడూ సీడర్ల కిందకి దూరిపోయాయి. కాసేపు ఏమీ లేదు. తర్వాత కెల్లో గొంతు వినిపించింది. నలభై ఏళ్ళు వైనో తన వేటకుక్కల గొంతుల గురించి చెబుతుంటే ఊఁ కొట్టాను గానీ, అది అలా ఉంటుందని నాకు తెలియదు. కాఫీ చేతిలోనే చల్లారిపోయింది. ఇది విని కూడా నాకేమీ కాలేదేంటి అనుకున్నాను. బాగుందని మాత్రం తెలిసింది.

కుందేలు మామూలుగా గుండ్రంగా తిరిగి మొదలుపెట్టిన చోటికే వస్తుంది. ఇది రాలేదు. గొంతు దూరమైంది, వాగు దాటింది, గాలి మారింది, ఇక వినిపించలేదు. టిల్లీ, సిస్సీ పొట్టల కింద ఐసు ముద్దలు వేలాడుతుండగా తిరిగొచ్చాయి. తైస్తో బూర ఊదాడు, తుపాకీ పైకి పేల్చాడు. సూర్యుడు చెట్ల వెనక్కి దిగుతున్నాడు.

“తడిసుంటే మటుకు...” అని తైస్తో ఆగాడు. ఆ మాట పూర్తి చెయ్యక్కర్లేదు. నియమం దాటింది నేను, వదలమన్నది నేను.

“కోటు పరుద్దాం” అన్నాడు. మా దగ్గర అదే ఆచారం. తప్పిపోయిన కుక్క ఎప్పటికైనా వదిలిన చోటికే తిరిగొస్తుంది. అక్కడ యజమాని కోటు ఉంటే దాని మీద పడుకుని ఆగుతుంది. లేకపోతే ఇంకా వెతుక్కుంటూ పోతుంది. “ఇంటికెళ్ళి వైనో కోటు తీసుకొద్దాం పద. వేటది.”

“లేదు.”

“వేటది కాకపోతే ఏదైనా. చొక్కానో, టోపీనో.”

“ఏదీ లేదు తైస్తో. పాతిపెట్టిన మర్నాడే అన్నీ మూటకట్టి చర్చికిచ్చేశాను. సాక్సులతో సహా.”

నన్ను తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. అతను తుపాకీ బండిలో పెట్టి, చేతితొడుగులు సవరించుకున్నాడు.

“అయితే నీదే తియ్యి.”

“నాది చూసి ఎందుకాగుతాడు? వాడు వైనో కుక్క.”

“ఇంకేముంది మన దగ్గర? తియ్యి వదినా, చీకటి పడుతోంది.”

కోటు కింద వేసుకున్న ఉన్ని స్వెట్టరు తీశాను. శీతాకాలమంతా దానిలోనే పడుకున్నాను, ఉతికి కూడా ఉండను. ట్రక్కులో కుక్కల పెట్టెలోంచి గడ్డి చేతుల నిండా తీసి, సీడరు మొదట్లో గాలి తగలని వైపు మంచు తొక్కి పరిచాను. దాని మీద స్వెట్టరు వేశాను. ఇంటికొచ్చి, ఆడకుక్కలకి తిండి పెట్టి, పడుకుని నిద్రపోయాను. ఎలా నిద్రపట్టిందని సైమా తర్వాత అడిగింది. పట్టింది, అంతే.

తెల్లవారాక వెళ్ళాం. బండి ఆగకముందే కనిపించాడు. గడ్డిలో గుంట చేసుకుని, ముక్కు తోక కింద దాచుకుని, స్వెట్టరు మీద ముడుచుకుని ఉన్నాడు. వీపంతా మంచు పొడి. కదల్లేదు. నేను మోకాళ్ళ మీద కూలబడి పక్కటెముకల మీద చెయ్యి పెట్టాను. కిందకీ పైకీ ఆడుతున్నాయి.

“బతికే ఉన్నాడు” అన్నాను.

“చెవులు రుద్దకు, రాలిపోతాయి. ఊరికే చేతుల్లో పట్టుకో” అని అరుస్తూ తైస్తో దిగాడు.

కొసలు తెల్లబడిన చెవుల్ని రెండు గుప్పిళ్ళలో పట్టుకున్నాను. కెల్లో కళ్ళు తెరిచాడు. తైస్తో తన వైపు తలుపు దబ్బున వేశాడు. ఈ చలికాలమంతా ఏ బండి తలుపు చప్పుడైనా వాడి తల అటు తిరిగేది, వైనో దిగాడేమోనని. ఇప్పుడు తిరగలేదు. నన్నే చూసి, తోకతో గడ్డిని రెండుసార్లు కొట్టాడు.

వీడు ఆయన కోసం ఎదురుచూడటం మానేశాడని తెలిసింది. ఎప్పుడు మానేశాడో, నా పొయ్యి దగ్గరే మానేశాడో. ఇక మా ఇంట్లో ఆయన కోసం చూస్తున్నది నేనొక్కదాన్నే మిగిలాను. అప్పటిదాకా నేను కూడా చూస్తున్నానని నాకే తెలియదు.

నాకు కోపం వచ్చింది. అక్టోబరు తర్వాత నాకు తెలిసిన మొదటి భావం అదే, కుక్క మీద కోపం. ఇంత తొందరగానా, సిగ్గులేనివాడా, పదేళ్ళు తిండి పెట్టిన మనిషి కదా అని పైకే తిట్టాను. తైస్తో అటు తిరిగి నిలబడ్డాడు. తిడుతూనే కోటు గుండీలు విప్పి వాణ్ణి లోపలికి లాక్కుని, పొట్టకి అదుముకుని బండెక్కాను. వాడి ఒంటి మంచు కరిగి నా చొక్కా తడిసిపోయింది. ఇల్లు చేరేదాకా తిడుతూనే ఉన్నాను, వదల్లేదు.