పక్క మంచం సాక్ష్యం

"నీ కన్నతల్లినైతే ఇలాగే కుళ్ళబెడతావా?"

ఆడవాళ్ళ వార్డులో, అన్ని మంచాలవాళ్ళూ వింటుండగా, డాక్టర్లని వెంటబెట్టుకుని రౌండ్సుకి వచ్చిన సూపరింటెండెంట్ కొత్త సిస్టర్ని అడిగిన మాట ఇది. మంచం మీద ఒక ముసలావిడ బోర్లా పడుకుని ఉంది. నడుము కింద పడకపుండు, అరచేతిలో సగమంత. మంచం పట్టిన మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే ఒళ్ళు అలాగే పగులుతుంది. తిప్పడానికి ఇద్దరు కావాలి. ఆ వార్డు మొత్తానికి ఉన్నది ఆ పిల్ల ఒక్కతే.

పక్క మంచం మా అత్తగారిది. తుంటి ఎముక విరిగింది. ఆవిడ మంచం కమ్మీ పట్టుకుని సాయపడితే ఎడమవైపు తిప్పి, వీపుకి దిండు ఆనించి, పాలు పట్టడానికి చెంచా ఎత్తానో లేదో ఈ కేకలు. పొద్దుటినుంచీ ఆ పిల్ల కూర్చోగా నేను చూడలేదు.

"సార్, ఒక్కదాన్నే..."

"డ్యూటీ కార్డు అక్కడ పెట్టి ఇంటికి పో."

వెనకే నిలబడ్డ మా తోడికోడలు నోరు విప్పింది. అదే ఆసుపత్రిలో ఆవిడ సీనియర్ నర్సు. "సార్, ఈ వార్డులో రెండో పోస్టు ఎప్పటినుంచో ఖాళీగా ఉంది."

"నువ్వు ముందు నీ డాక్టరేట్ సంగతి చూసుకోమ్మా."

కొత్త సిస్టర్ కార్డు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఈ కథ వినే చదువుకునే పిల్లలారా, పనిచేసే అక్కలారా, నాకు కోపం రావలసిన సమయం అది. వచ్చింది కూడా. కానీ అబద్ధం ఎందుకు, కోపం కన్నా ముందు నాకు వచ్చింది కుళ్ళు. అంతమంది డాక్టర్ల మధ్య ఆ ఖాళీ పోస్టు మాట అనగలిగింది మా తోడికోడలు. నా చేతిలో చెంచా ఉంది.

ఆ కుళ్ళు కొత్తది కాదు. మా ఇంట్లో దాని వయసు ఆవిడ డాక్టరేట్ వయసే. నర్సింగులో డాక్టరేట్ చెయ్యాలంటే అందులోనే పీజీ ఉండాలి, రిజిస్ట్రేషన్ ఉండాలి, వార్డు అనుభవం ఉండాలి, ప్రవేశ పరీక్ష రాయాలి, ఇంటర్వ్యూలో నవ్వాలి. ఇన్నీ ఉన్నా, పనిచేసే ఆసుపత్రి "మాకు అభ్యంతరం లేదు" అని లెటరు ఇవ్వాలి. ఏడాదికి ఒక్కరికే ఇస్తారు. ఇక బయటపడాలంటే క్లాసులు, జీతం లేని వార్డు గంటలు, ఒక పరిశోధన, చివర బహిరంగ వైవా, దాని మీద ఆసుపత్రి తరఫున సూపరింటెండెంట్ సంతకం. నేనూ డిగ్రీ చదివినదాన్నే. కోడలు కావడానికి మాత్రం నన్ను ఏ అర్హతా అడగలేదు. పూర్తి చెయ్యడానికి గడువూ పెట్టలేదు.

ఆవిడ పుస్తకం తీస్తే ఇల్లంతా మునివేళ్ళ మీద నడుస్తుంది. ఆ మునివేళ్ళలో నావి కూడా ఉన్నాయి.

వార్డులో మా అత్తగారు ఊరుకుంటారా! "మా చిన్నకోడలు డాక్టరవుతోంది" అని ప్రతి మంచానికీ చెప్పారు.

"మరి ఈవిడో?"

"పెద్దకోడలు. ఖాళీయే పాపం, ఇంట్లోనే ఉంటుంది" అన్నారు, నా చేత అటువైపు తిప్పించుకుంటూ.

కుళ్ళుకి తోడు కావాలి. నర్సుల విశ్రాంతి గదిలో మా తోడికోడల్ని "దొరసాని" అంటారని విన్నాను. ఆ మధ్యాహ్నమే ఫ్లాస్కు నింపే వంకతో అక్కడికి వెళ్ళాను. మధ్యలో కూర్చున్నది మైకు సిస్టర్. ఆవిడ గుసగుసలాడినా మూడు వార్డులకి వినిపిస్తుంది కనక ఆ పేరు.

"దొరసాని క్లాసుకి పోయిన ప్రతిసారీ ఆవిడ మంచాలు నాకు చుడతారు. ఆవిడ డాక్టరవడానికి నా నడుం పోతోంది!"

"నాకూ అంతేనండీ. వంటిల్లు నాకు చుడతారు" అన్నాను గుమ్మంలోంచి.

"మీరెవరు?"

"తోడికోడల్ని."

వెంటనే బెంచీ మీద చోటిచ్చారు. చుట్టం కన్నా దగ్గరగా జరిగి కూర్చున్నాం. హాయిగా మొదలుపెట్టబోతుండగా మా తోడికోడలే లోపలికొచ్చింది. నన్ను అక్కడ చూసింది.

"అక్కా, నువ్వూనా! సరే, విను, అందరూ వినండి. నా పరిశోధన ఈ పుండ్ల మీదే. నర్సులు తగ్గిన వార్డుల్లో పుండ్లు పెరిగాయని లెక్కతో సహా రాశాను. ఆ అధ్యాయం తీసేస్తేనే వైవాలో సంతకం పెడతానంటున్నాడు సూపరింటెండెంట్. పేషెంట్లకి చేతులు కడుక్కోవడం నేర్పించానని రాసుకోమన్నాడు."

"తీసెయ్యి. డాక్టరువవుతావు. నీకేం పోయింది?" అంది మైకు సిస్టర్.

"తీస్తే డాక్టర్ని. తియ్యకపోతే మీలో ఒకదాన్నే."

"మాలో ఒకదానివవడం అంత చిన్నతనమా?"

మా తోడికోడలు ఎర్రబడింది. నాకు చెప్పలేనంత ఆనందం కలిగింది, ఉన్నమాట చెప్పాలిగా.

"అయిదుసార్లు అడిగాను ఆ లెటరు. ప్రతిసారీ ఇంకొకళ్ళకే. చివరికి నీకు" అంది మైకు సిస్టర్. ఈసారి గొంతు నిజంగానే తగ్గింది.

"ఎందుకివ్వలేదో తెలుసా?" అంది మా తోడికోడలు. "నా ఎదురుగానే అన్నాడు. 'ఆవిడని పంపితే వార్డు ఎవరు మోస్తారు? పని వచ్చినదాన్ని వదులుకోను' అని."

"పని వచ్చినందుకా?"

"పని వచ్చినందుకే."

అప్పుడు నాకు తెలిసొచ్చింది. ఒక్క ముక్క విసిరి, ఎవరిది ఎవరు లాక్కున్నారో చూసుకోండని తలుపు వేసుకుని కూర్చున్నాడు ఆ పెద్దమనిషి. అసూయ మనదే. పంపకం మాత్రం ఆయనది. ఇంతకాలం పక్కవాళ్ళ వైపు చూసి కుళ్ళుకున్నాం కానీ మెడ పైకెత్తి కుళ్ళుకోవడం ఎవరికీ తట్టలేదు.

"చెల్లీ, బహిరంగ వైవా అన్నావే, ఎవరైనా రావచ్చా?"

"రావచ్చక్కా. మామూలుగా ఇంటివాళ్ళొస్తారు. బిస్కెట్లు తిని, అర్థమైనట్టు తలాడించి వెళ్తారు."

"ఎవరైనా అంటే ఎవరైనానా?"

"అక్కా, నీ మొహం చూస్తే భయమేస్తోంది."

మర్నాటినుంచి వార్డు వార్డుకీ తిరిగి పేరుపేరునా పిలిచాను. పేషెంట్ల దగ్గర కూర్చున్న తల్లుల్నీ, భార్యల్నీ, అన్నదమ్ముల్నీ కూడా పిలిచాను. ఇంటికి పోయిన కొత్త సిస్టర్ని మైకు సిస్టర్ స్వయంగా వెళ్ళి తీసుకొచ్చింది.

వైవా రోజు ఎవరూ వార్డు ఖాళీ చేసి రాలేదు. డ్యూటీ దిగి, వచ్చినవాళ్ళకి మంచాలు అప్పగించి, యూనిఫాం మార్చకుండా వచ్చారు. హాల్లో కుర్చీలు చాలక గోడ వెంబడి నిలబడ్డారు. బిస్కెట్లు మొదటి వరసలోనే అయిపోయాయి.

మా తోడికోడలు తన పరిశోధన వివరించింది. ఆ అధ్యాయం తియ్యలేదు. బయటినుంచి వచ్చిన పరీక్షకులు తలలూపారు. సూపరింటెండెంట్ లేచాడు.

"ఒక్క ప్రశ్న. ఆడవాళ్ళ వార్డులో ఒక ముసలావిడకి పుండు పడింది. నర్సు ఒక్కతే కాబట్టి అన్నారు. అదే వార్డు, అదే నర్సు, అవే రోజులు. పక్క మంచం మీద మనిషికి పుండు ఎందుకు పడలేదు? మీ సిద్ధాంతం పక్క మంచం దాకా కూడా వెళ్ళదా?"

మా తోడికోడలు తన లెక్కల కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పింది. పరిశోధనలో ఆవిడ ప్రతి మంచం లెక్కా రాసింది. మంచం పక్కన కూర్చున్నవాళ్ళని రాయలేదు. ఆవిడకి కూడా మేము కనిపించలేదు. ఆ క్షణాన నా కుళ్ళు అంతా కట్టగట్టి నన్ను లేపి నిలబెట్టింది.

"ఆ పక్క మంచం మా అత్తగారిది సార్. తిప్పింది నేను."

"మీరెవరు?"

"మీ ఖాళీ పోస్టుని. జీతం లేకుండా చేస్తున్నాను. ఆ ముసలావిడకి కోడలు లేదు, అందుకే పుండు పడింది."

వెనకనుంచి ఎవరో తల్లి లేచింది. "మా అమ్మాయిని నేను తిప్పాను." ఇంకొకడు, "మా అన్నని నేను." గోడ వెంబడి మాటలు పాకాయి. "ఒక్కళ్ళనే పెట్టి పుండు పడితే కార్డు లాక్కుంటారా?" అంది మైకు సిస్టర్. ఆ మాట ఆసుపత్రి గేటు దాకా వినిపించి ఉంటుంది. కొత్త సిస్టర్ ఏడుస్తూనే ముందుకొచ్చి నిలబడింది.

సూపరింటెండెంట్ సంతకం పెట్టలేదు. డాక్టరేట్ ఆగిపోయింది. సాయంత్రానికి మైకు సిస్టర్‌కి సస్పెన్షన్ ఆర్డరు వచ్చింది.

మర్నాడు ఆఫీసు తెరిచేసరికి కిటికీ ముందు వరండా నిండా వరస. డ్యూటీ దిగిన ప్రతి నర్సు చేతిలోనూ డాక్టరేట్‌కి దరఖాస్తు, అభ్యంతరం లేదని లెటరు కావాలి. పరిశోధనాంశం అందరిదీ ఒకటే: పడకపుండ్లు, ఖాళీ పోస్టులు, పక్కన కూర్చున్నవాళ్ళు. మొదట నిలబడింది మైకు సిస్టర్. ఆవిడ వెనక, మళ్ళీ మొదటినుంచి చేరడానికి, మా తోడికోడలు. వాళ్ళ వెనక ఇంటివాళ్ళందరూ.

నా వంతు వచ్చింది. గుమాస్తా నన్ను కిందికీ పైకీ చూశాడు.

"మీరు నర్సు కాదు కదమ్మా! మీకే అర్హతా లేదు. ఈ వరసలో ఎందుకు నిలబడ్డారు?"

"ఈవిణ్ణి చూసి కుళ్ళు నాయనా" అన్నాను, మా తోడికోడల్ని చూపించి. "ఒక్కదాన్నే ఎందుకు కుళ్ళుకోవాలని అందర్నీ తీసుకొచ్చాను."